భయాల కోటకు తాళంచెవి

ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్ పట్టణానికి కాస్త దూరంలో ఎల్‌స్టో అని ఓ చిన్న ఊరుంది. అక్కడి చర్చికి ఓ విశేషం. గంటల గోపురం చర్చి మీద కాకుండా పక్కన విడిగా ఉంటుంది. సుమారు 1650 ప్రాంతంలో ఆ ఊళ్లో ఇరవై దాటిన ఓ కుర్రాడికి ఆ గంటలు మోగించడమంటే మహా సరదా. కొన్నాళ్లకు అదంతా పనికిమాలిన వేడుకనిపించి మానేశాడు. మానేశాడే కానీ మనసు ఊరుకోలేదు. ఎవరో మోగిస్తుంటే వెళ్లి చూస్తూ నిలబడేవాడు.

అలా నిలబడ్డ ఓ రోజు ఉన్నట్టుండి ఓ ఆలోచన. ఆ గంట ఊడి నెత్తిన పడితే? గబుక్కున జరిగి, గోపురంలో అడ్డంగా వేసిన పెద్ద దూలం కిందికి వెళ్లాడు. హమ్మయ్య అనుకున్నాడు. అంతలోనే ఇంకో ఆలోచన. గంట ఊగుతూ పడి, గోడకు తగిలి, అక్కణ్నుంచి ఎగిరొచ్చి కొడితే దూలం ఏం కాపాడుతుంది? సరే, గుమ్మంలో నిలబడితే పోలా! గుమ్మంలోకి వచ్చాడు. ఇప్పుడిక గంట పడినా పారిపోవచ్చు. మరి గోపురమే కూలితే? ఇక అక్కడ నిలబడలేకపోయాడు. పరుగు లంకించుకున్నాడు.

చదువుతుంటే నవ్వొస్తుంది. కానీ గ్యాస్ కట్టేశామో లేదోనని సగం దారిలోంచి ఇంటికి తిరిగొచ్చిన ఇల్లాలికి ఈ నవ్వు ఎంతోసేపు నిలవదు. హాస్టల్లో ఉన్న కొడుకు ఫోనెత్తకపోతే పది నిమిషాల్లో పాతిక ప్రమాదాలు ఊహించుకున్న తండ్రికీ అంతే. ఆందోళనకు అదో జబ్బు. ఒక దూలం చూపిస్తే రెండో ప్రశ్న వేస్తుంది. గుమ్మం చూపిస్తే గోపురాన్నే కూల్చేస్తుంది. మన పెద్దవాళ్లు చితకూ చింతకూ మధ్య తేడా ఒక్క సున్నాయేనని ఊరికే అనలేదు.

ఆ కుర్రాడి పేరు జాన్ బన్యన్. తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో చాలా మందికి ఆ పేరు గుర్తుండకపోయినా ఆయన పుస్తకం తెలుసు. ‘యాత్రికుని ప్రయాణము’ పేరుతో తాతల కాలం నుంచీ బైబిలు పక్కన అలమరలో కనిపించే కథ అదే. అంత ధైర్యం చెప్పే పుస్తకం రాసినవాడు ఎంత పిరికితనంలోంచి వచ్చాడో మాత్రం ఎక్కువమందికి తెలియదు. ఆ సంగతి ఆయనే దాచుకోకుండా రాసిపెట్టాడు. జైల్లో ఉండగా రాసిన ఆ ఆత్మకథ 1666లో అచ్చయింది. పైన చెప్పిన గంట కథ అందులోదే.

బన్యన్ 1628లో పుట్టాడు. తండ్రి ఊరూరా తిరిగి గిన్నెలకూ బిందెలకూ మాట్లు వేసేవాడు. కొడుకూ అదే పని నేర్చాడు. 1644లో తల్లి పోయింది. నెల తిరక్కుండానే చెల్లెలు పోయింది. ఇంకో నెలకు తండ్రి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. పదహారేళ్ల పిల్లాడు ఆ ఏడే, దేశంలో రాజుకూ పార్లమెంటుకూ జరుగుతున్న యుద్ధంలో సిపాయిగా వెళ్లాడు. మనసు ఎక్కడ బీటలు వారిందో ఆయన చెప్పలేదు కానీ, మనం ఊహించుకోవచ్చు.

సైన్యం నుంచి వచ్చాక పెళ్లయింది. ఇంట్లో కంచం, చెంచా కూడా సరిగా లేనంత పేదరికం. భార్య పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆస్తల్లా రెండు భక్తి పుస్తకాలు. వాటిని చదివాడు, చర్చికి వెళ్లడం మొదలెట్టాడు. అక్కణ్నుంచి భయాలు తగ్గాలి కదా! పెరిగాయి. ఓ ఆదివారం పొద్దున, విశ్రాంతి దినాన ఆటలాడటం పాపమని ప్రసంగం విన్నాడు. మధ్యాహ్నం కడుపునిండా తిని ఆ మాట మరిచిపోయి ఆటకు వెళ్లాడు. ఆ ఆట అచ్చం మన బిళ్లంగోడే. బద్దలోంచి ఓ దెబ్బ కొట్టి, రెండో దెబ్బకు కర్ర ఎత్తాడు. అంతలో ఆకాశంలోంచి ఎవరో నిలదీసినట్టనిపించింది. పాపాలు వదిలి స్వర్గానికి వస్తావా, వాటితోపాటే నరకానికి పోతావా అని. కర్ర అలాగే పట్టుకుని పైకి చూస్తూ నిలబడిపోయాడు. ఇక తనకు క్షమాపణ ఉండదు, ఆలస్యమైపోయిందని తేల్చుకున్నాడు. ఎలాగూ పోయేదే కదా అని మళ్లీ ఆటలో పడ్డాడు. తోటివాళ్లెవరికీ ఏమీ తెలియలేదు. ఆందోళనతో బతికేవాళ్లలో చాలామంది అంతే. పైకి ఆట ఆగదు.

ఇంకో రోజు ఎల్‌స్టో నుంచి బెడ్‌ఫర్డ్‌కి నడిచి వెళుతున్నాడు. తనకు విశ్వాసం ఉందో లేదో ఎలా తెలుసుకోవడం? విశ్వాసముంటే అద్భుతాలు జరుగుతాయంటారు కదా. దారిలో గుర్రపు డెక్కలు దిగిన గుంటల్లో వాననీళ్లు నిలిచి ఉన్నాయి. ఆ గుంటల్ని ఎండిపొమ్మని, ఎండిన చోట్లను గుంటలైపొమ్మని ఆజ్ఞాపిద్దామని నోరు తెరవబోయాడు. ముందు పొద చాటున ప్రార్థన చేసుకుంటే మంచిదేమో! ఆ వెంటనే, ప్రార్థన చేశాక కూడా నీళ్లు కదలకపోతే? తనకు విశ్వాసం లేదని రుజువైపోదూ! ఆ భయంతో పరీక్షే వాయిదా వేసుకున్నాడు. దేవుడి దయ, గుంటలు గుంటల్లాగే ఉన్నాయి.

బెడ్‌ఫర్డ్ వీధిలో ఆయన బతుకు మరో మలుపు తిరిగింది. మాట్లు వేసే పని మీద వెళ్లినప్పుడు, ఓ ఇంటి గుమ్మంలో ఎండకు కూర్చుని ముగ్గురు నలుగురు పేద ఆడవాళ్లు మాట్లాడుకోవడం కనిపించింది. దేవుడి గురించే మాట్లాడుకుంటున్నారు. వాదన లేదు, భయపెట్టడం లేదు. తమ బలహీనతల గురించీ, వాక్యం తమను ఎలా ఆదుకుందో దాని గురించీ, సంతోషంగా, ఇంటి సంగతులు చెప్పుకున్నంత మామూలుగా చెప్పుకుంటున్నారు. బన్యన్ కూడా మాటకారే. అయినా అక్కడ నోరు పెగల్లేదు. వాళ్లున్నది ఎండలో, తానున్నది చలిలో అనిపించింది. ఆ తర్వాత పని ఉన్నా లేకపోయినా ఆ వీధికే వెళ్లేవాడు. మహాపండితులెవరూ చేయలేని మేలు ఆ అమ్మలు చేశారు. వాళ్ల పేర్లను ఆయన చెప్పలేదు.

అంటే కథ సుఖాంతమైందా? లేదు. అసలు కష్టం అప్పుడే మొదలైంది.

కొరడా కూడా అదే, మందు కూడా అదే

బైబిలు చదివితే ప్రశాంతత వస్తుందని అందరూ చెబుతారు. బన్యన్‌కి ముందు వచ్చింది వణుకు. ఆయన చదివే పద్ధతి అలాంటిది. ఏ వాక్యం మనసులో ఠక్కున మెరిస్తే అది ఆరోజుకు తన జాతకమనుకునేవాడు. మంచి మాట మెరిస్తే ఎగిరి గంతేసేవాడు, కఠినమైన మాట మెరిస్తే కుప్పకూలేవాడు. ఈ పద్ధతి మనకు కొత్తేం కాదు. డిసెంబరు 31 అర్ధరాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డు తీసుకునేటప్పుడు ఎన్ని చేతులు వణకవు! కార్డులో దీవెన వస్తే ఏడాదంతా ధీమా. మందలింపు లాంటిది వస్తే ‘ఇదేంటి, నాకే ఇలా వచ్చింది’ అని ఇంటికొచ్చేదాకా గుబులు. కార్డులో తప్పేమీ లేదు. దాన్ని లాటరీ చీటీలా చూడటంలోనే ఉంది తంటా.

కొన్నాళ్లకు బన్యన్‌ను ఓ వింత తలంపు పట్టుకుంది. క్రీస్తును అమ్మేయమని లోపల్నుంచి ఒకటే పోరు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోయినా, కింద పడ్డ గుండుసూది తీయడానికి వంగినా, పుల్ల విరుస్తున్నా అదే గొడవ. దీనికోసం అమ్మెయ్, దానికోసం అమ్మెయ్ అని. ఎన్ని వేల లోకాలిచ్చినా అమ్మనంటూ లోలోపల అరుస్తూ, నిజంగానే చేతులతో, మోచేతులతో దేన్నో తోసేస్తున్నట్టు కదిలేవాడట. ఇలా ఒక ఏడాది. చివరికి ఓరోజు పొద్దున పడక మీద ఉండగా, అలసిపోయిన మనసులో ‘పోతే పోనీ’ అన్న భావం ఒక్క క్షణం దాటిపోయింది. అంతే! తాను క్షమాపణ లేని పాపం చేశానని నమ్మేశాడు.

ఆ నమ్మకానికి ఆధారం కూడా బైబిల్లోంచే తెచ్చుకున్నాడు. ఏశావు కథ. ఒక్కపూట చిక్కుడుకాయల వంటకం కోసం జ్యేష్ఠత్వాన్ని తమ్ముడికి అమ్ముకున్నవాడు. తర్వాత కన్నీళ్లు పెట్టుకున్నా దీవెన దక్కలేదని హెబ్రీ పత్రిక పన్నెండో అధ్యాయం చెబుతుంది. ఏశావు అంటే నేనే అనుకున్నాడు బన్యన్. రెండేళ్లకు పైగా ఆ ఒక్క మాటే సంకెళ్లలా కాళ్లకు చుట్టుకుంది. బజారులో ఓ బల్ల మీద కూర్చుంటే, ఆకాశంలో సూర్యుడు కూడా తనకు వెలుగివ్వడానికి ఇష్టపడట్లేదనిపించేది. వీధిలోని రాళ్లు, ఇళ్ల పెంకులు తన మీద కక్షగట్టినట్టుండేవి.

దిగులు చెప్పుకోవడానికి ఓ పెద్దాయన దగ్గరికి వెళ్లాడు. భక్తిపరుడే. క్షమించరాని పాపం చేశానేమోనని భయంగా ఉందండీ అన్నాడు. నాకూ అలాగే అనిపిస్తోంది నాయనా అన్నాడాయన! సలహాలిచ్చే పెద్దలు ప్రతి కాలంలోనూ, ప్రతి ఊళ్లోనూ ఉంటారు. కుంగిపోయినవాణ్ని ‘నీకు విశ్వాసం చాలదు’ అని ఇంకాస్త కుంగదీసి పంపేవాళ్లు వాళ్ల మనవలే.

ఈ పోరుకు ముందే ఓసారి ఆయన్ను ఆదుకున్నది ఓ చిరిగిన పుస్తకం. గలతీయుల పత్రికకు మార్టిన్ లూథర్ రాసిన వ్యాఖ్యానం చేతికి దొరికింది. పేజీ తిప్పితే ఊడివచ్చేంత పాతది. నూరేళ్ల కిందట మరో దేశంలో బతికిన మనిషి తన గుండెలోంచే రాసినట్టనిపించింది బన్యన్‌కి. ఇలాంటి భయాలు పడ్డవాణ్ని నేనొక్కణ్నే కాదన్నమాట! బైబిలు తర్వాత తనకు అన్నిటికన్నా ఇష్టమైన పుస్తకం అదేనని ఆయన రాసుకున్నాడు. ఆ ఊరట ఏమిటో, ఒకే వార్డులో పక్క మంచం మీదివాడికీ అదే జబ్బని తెలిసిన రోగికి బాగా అర్థమవుతుంది.

ఇక అసలు మాట. కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో పౌలు తనకున్న ఓ బాధ తీసేయమని మూడుసార్లు ప్రార్థించిన సంగతి చెబుతాడు. బాధ పోలేదు. దేవుని కృప నీకు చాలునన్న జవాబు మాత్రం వచ్చింది. ఆ జవాబు బన్యన్ మనసులో ఓరోజు మెదిలింది. కానీ పూర్తిగా కాదు. కృప చాలునన్నంతవరకే. ‘నీకు’ అన్న మాట లేదు! ఆ ఒక్క మాట లేనందుకు వారాల తరబడి నలిగాడు. కృప చాలేది లోకానికేమో, పౌలుకేమో, నాకు కాదేమో! ఆ రోజుల్లో మనశ్శాంతి ఒక్కరోజులోనే ఇరవైసార్లు వచ్చి ఇరవైసార్లు పోయేదట. చివరికి ఒకనాడు ప్రార్థన కూటంలో, భయంతో నిండిపోయి కూర్చుని ఉండగా, ఆ జవాబు ‘నీకు’ అన్న మాటతో సహా మూడుసార్లు మనసును తాకింది.

తర్వాత ఆయన చేసిన పనే ఈ కథలో ఆయువుపట్టు. ఏశావు మాట, కృప మాట ఒకేసారి తన మనసులో ఎదురుపడితే ఏది గెలుస్తుందో చూడాలనుకున్నాడు. రెండు మూడు రోజుల్లో అలాగే జరిగింది. తరాజులో రెండు పళ్లేల్లా కాసేపు ఇది పైకి, కాసేపు అది పైకి. మెల్లగా ఏశావు మాట తేలిపోయింది, కృప మాట నిలిచింది. అప్పుడొచ్చింది ధైర్యం. ఇన్నాళ్లూ తనను తరిమిన వాక్యాల్ని ఒక్కొక్కటిగా తెరిచి, ముందూ వెనకా చదివి, ఎవరికి ఎందుకు రాశారో చూసి, వాటి ముఖంలోకి సూటిగా చూశాడు. దూరం నుంచి రాక్షసుల్లా కనిపించినవి దగ్గరికెళితే అంత కోపంగా లేవు. ఏశావు తెలిసి, తలచుకుని, బేరమాడి అమ్ముకున్నాడు. తనది అలసిన మనసులోంచి జారిన ఓ తలంపు. ఆ తేడా రెండేళ్లపాటు కనబడనివ్వలేదు భయం.

ఇంకోసారి పొలంలో నడుస్తుండగా మరో సంగతి తట్టింది. తనను దేవుడు అంగీకరించేది తన మనసు ఆరోజు బాగుందా లేదా అన్నదాన్ని బట్టి కాదు, క్రీస్తును బట్టి. ఆ ఆధారం పరలోకంలో ఉంది. తన మనసు బాగుంటే అది పెరగదు, బాగోకపోతే తరగదు. కాళ్లకున్న గొలుసులు తెగిపడ్డట్టయింది. ఇంటికెళ్లి ఆ వాక్యం ఎక్కడుందా అని బైబిలంతా వెతికితే, తనకు తట్టిన మాటలు ఆ రూపంలో ఎక్కడా లేవు! దాని భావం మాత్రం కొరింథీ మొదటి పత్రిక మొదటి అధ్యాయం చివర దొరికింది. మొదట్లో అయితే మాట దొరకలేదని నెలలు కుమిలేవాడు. ఈసారి భావంతో సరిపెట్టుకున్నాడు. మనిషి కుదుటపడుతున్నాడనడానికి అంతకన్నా గుర్తు ఏం కావాలి!

పన్నెండేళ్ల పరీక్ష

1660 నవంబరులో బన్యన్‌ను అరెస్టు చేశారు. ప్రభుత్వ చర్చి అనుమతి లేకుండా ప్రసంగాలు చేస్తున్నాడని నేరం. ఇక ప్రసంగించనని ఒక్క మాట అంటే వదిలేస్తారు. అననన్నాడు. పన్నెండేళ్లు బెడ్‌ఫర్డ్ జైల్లో ఉన్నాడు.

ఇన్నాళ్లూ పడ్డవి ఊహల భయాలు. ఇప్పటివి నిజమైనవి. మొదటి భార్య పోయింది. రెండో భార్య ఎలిజబెత్, నలుగురు సవతి పిల్లలు. వాళ్లలో పెద్దమ్మాయికి పుట్టుగుడ్డితనం. భర్త అరెస్టు వార్త విన్న దిగ్భ్రాంతికి గర్భవతి అయిన ఎలిజబెత్‌కు నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. బిడ్డ దక్కలేదు. 1661 ఆగస్టులో ఆమె జడ్జీల ముందు నిలబడి, పిల్లల్నీ, ఇంట్లో లేమినీ చెప్పుకుని భర్తను విడిపించమని వేడుకుంది. ఒక జడ్జి జాలిపడ్డాడు, మరొకాయన కసిరాడు. ఖాళీ చేతులతో తిరిగొచ్చింది. అయినా భర్తను లొంగిపొమ్మని ఒక్క మాట అనలేదు. ఈ కథలో అసలైన నిబ్బరం ఎవరిదని అడిగితే బన్యన్ పేరు చెప్పడానికి కాస్త ఆలోచించాలి.

భార్యాపిల్లల్ని తలచుకుంటే ఎముకల మీంచి మాంసం ఊడదీసినట్టుండేదని ఆయన రాసుకున్నాడు. అందరిలోకీ ఆ చూపులేని పిల్ల మరీనూ. తాను లేకుండా అది అడుక్కోవాలేమో, ఎవరైనా కొడతారేమో, చలికి బట్ట ఉంటుందో లేదో... దాని మీదికి గాలి తోలడం కూడా సహించలేని తండ్రి రాతిగోడల మధ్య కూర్చుని చేసిన ఆలోచనలివి. అప్పుడు ఆయనకు ఆసరా అయినవి రెండు చోట్లు. తండ్రిలేని పిల్లల్ని తానే కాపాడతానని దేవుడన్న యిర్మీయా గ్రంథంలోని మాట ఒకటి. రెండోది సమూయేలు గ్రంథంలోని పాడావుల కథ. దూడల్ని ఇంటి దగ్గర కట్టేసి, తల్లుల్ని దేవుని మందసమున్న బండికి కడితే, అవి అరుచుకుంటూనే, పక్కకు తిరగకుండా వెళ్లిన కథ. ఆ ఆవుల్లో తనను చూసుకున్నాడు. అవి నవ్వుతూ వెళ్లలేదు. అరుస్తూనే వెళ్లాయి. పశువుల పాకలో దూడ కోసం అరిచే ఆవు గొంతు విన్నవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఉరి తీస్తారేమోనన్న భయం కూడా పట్టుకుంది. చట్టం తెలియదు, ఏమైనా జరగొచ్చు. చావుకన్నా, ఉరి నిచ్చెన మీద మోకాళ్లు వణికి నలుగురిలో పరువు పోతుందేమోనని ఎక్కువ దిగులు. ధైర్యమివ్వమని ప్రార్థించాడు. రాలేదు. అన్ని రోజులూ ఏదో ఒక వాక్యం వచ్చి వాలేది, ఇప్పుడు అదీ లేదు. చివరికి ఓ నిశ్చయానికొచ్చాడు. దేవుడు ఇప్పుడు ఊరట ఇచ్చినా ఇవ్వకపోయినా తాను మాట తప్పేది లేదు. ఊరట ఇవ్వడం, ఇవ్వకపోవడం ఆయన ఇష్టం. తన పని తాను చేయడమే. అప్పుడు మనసు తేలికపడింది. గుంటలు ఎండితేగానీ నమ్మనన్న కుర్రాడు, గుర్తులేవీ లేకుండానే నిలబడటం నేర్చుకున్నాడు. వాక్యం ఆయనకిచ్చిన స్వేచ్ఛ ఇదీ. భయం రాకుండా పోవడం కాదు, వచ్చినా దాని ఆజ్ఞ పాటించనక్కర్లేకపోవడం.

ఆ జైల్లో ఆయన ఊరికే కూర్చోలేదు. దుస్తులకూ బూట్లకూ వాడే తాళ్లకు కొసన లోహపు ములుకులు బిగించే పని నేర్చుకుని, ఆ డబ్బుతో ఇంటికి సాయపడ్డాడు. బైబిలు ఒక పక్క, తాళ్ల కట్టలు ఒక పక్క. మనసు నెమ్మదించడంలో ఆ చేతిపనికీ వాటా ఉండే ఉంటుంది.

ఆందోళనకు లేఖనాలే చాలు, డాక్టరెందుకు అనేవాళ్లు బైబిల్లోనే ఏలీయా కథ మరోసారి చదవాలి. రాణి చంపుతానన్న భయంతో ఎడారిలోకి పారిపోయి, బదరీ వృక్షం కింద పడుకుని చావు కోరుకున్న ప్రవక్తకు దేవదూత ముందు ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు. పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి తినమన్నాడు. మాటలు ఆ తర్వాత. చింతపడొద్దని ఫిలిప్పీయులకు రాసిన పౌలు అప్పుడు జైల్లోనే ఉన్నాడు. ఆ పౌలే మరో పత్రికలో సంఘాలన్నిటి గురించిన చింత తనను రోజూ వేధిస్తోందని దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. రేపటి గురించి చింతించవద్దన్న యేసు, ఏనాటి కష్టం ఆనాటికి ఉంటుందని కూడా అదే నోట అన్నాడు. కష్టమే లేదని ఎవరూ అనలేదు. ఒకరోజుది ఒకరోజే మోయమన్నారు.

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ 1902లో మతానుభవాల మీద వెలువరించిన ప్రఖ్యాత గ్రంథంలో బన్యన్‌ను ఉదాహరణగా తీసుకున్నాడు. వద్దన్నా వచ్చే తలంపులు, వాటిని తోసేయడానికి పడే పాట్లు చూసి, నేటి వైద్యుల్లో కొందరు దాన్ని ఓసీడీగా గుర్తుపట్టారు. ఇప్పుడు దానికి మందులున్నాయి, మాటలతో చేసే చికిత్స ఉంది. 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. మాత్ర వేసుకున్నంత మాత్రాన కీర్తన చదవకూడదనీ లేదు, కీర్తన చదివితే మాత్ర వేసుకోకూడదనీ లేదు.

బన్యన్ 1672లో విడుదలయ్యాడు. ‘యాత్రికుని ప్రయాణము’ 1678లో వెలువడింది. అందులో యాత్రికుడూ, ఆశ పేరున్న అతని తోడూ దారి తప్పి సందేహాల కోటలో నిరాశ అనే రాక్షసుడికి చిక్కుతారు. బుధవారం పొద్దుటి నుంచి శనివారం రాత్రిదాకా అన్నం నీళ్లు లేకుండా చీకటి కొట్లో. ప్రాణం తీసుకొమ్మని రాక్షసుడు సలహా ఇస్తాడు. యాత్రికుడి మనసు అటు మొగ్గితే, పక్కనున్న ఆశ ఆపుతాడు. ఇంకాస్త ఓర్చుకుందాం అంటాడు. శనివారం అర్ధరాత్రి ప్రార్థన మొదలెడతారు. తెల్లవారబోతుండగా యాత్రికుడు ఉలిక్కిపడతాడు. వాగ్దానం అనే తాళంచెవి తన రొమ్ములోనే ఉందని అప్పుడు గుర్తొస్తుంది! కొట్టు తలుపు సులువుగా తెరుచుకుంటుంది. బయటి ఇనుప గేటు తాళం మాత్రం మహా గట్టిగా తిరుగుతుంది. అది కూడా రాయడం మరవలేదు బన్యన్.

1684లో వచ్చిన రెండో భాగంలో ఇంకో పాత్ర ఉంది. అంతగా ఎవరూ పట్టించుకోని పాత్ర. పేరే భయస్తుడు. నిరాశ ఊబి దగ్గర నెలకు పైగా పడి ఏడ్చాడు. కళ్లముందే పలువురు దాటిపోతున్నా అడుగు వేయలేకపోయాడు. ఎలా దాటాడో తెలియదు, ఓ ఎండ కాసిన ఉదయం దాటాడు. గుమ్మం దాకా వెళ్లి తలుపు తట్టడానికి వణుకుతూ వెనకొచ్చినవాళ్లకు దారిచ్చాడు. చిత్రంగా కొండలకూ సింహాలకూ భయపడలేదు. తనను లోపలికి రానిస్తారా లేదా అన్నదొక్కటే బెంగ. అందరికీ కష్టమనిపించే అణకువ లోయలో మాత్రం నేలను కౌగిలించుకుని, పూలను ముద్దాడుతూ హాయిగా తిరిగాడు. ఇతన్ని బన్యన్ ఒక్క మాట వెక్కిరించలేదు. చివరికి దాటాల్సిన ఏటి ఒడ్డుకు వచ్చేసరికి భయస్తుడికి మళ్లీ గుండె జారింది. మునిగిపోతానన్నాడు. తీరా దిగి చూస్తే ఆరోజు ఏట్లో నీళ్లు మునుపెన్నడూ లేనంత తక్కువగా ఉన్నాయి. పాదాలు తడిశాయి, అంతే.